జీతం పెరగని డిపార్ట్‌మెంట్ మార్పు: ఒప్పుకోవాలో వద్దో తేల్చుకునే పద్ధతి

ప్రమోషన్ ఇస్తామంటే ఎవరూ సలహా అడగరు. అదే గ్రేడు, అదే జీతం, పని మాత్రం వేరే అన్నప్పుడే ఇంట్లో రెండు రోజులు చర్చ నడుస్తుంది. హెచ్‌ఆర్ వాళ్ళు దీన్ని లాటరల్ మూవ్ అంటారు. ఫ్యాక్టరీల్లో మనవాళ్ళు ‘సెక్షన్ మార్చినారు’ అంటారు.

కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి ఈ ప్రశ్న పదే పదే వస్తోంది. ఎర్రగుంట్ల పక్క సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు నుంచి ప్లానింగ్‌కి రమ్మన్నారని ఒకరు, పెనుకొండ దగ్గర కారు విడిభాగాల కంపెనీలో క్వాలిటీ నుంచి సప్లయర్ల పనికి వెళ్ళమన్నారని ఒకరు, కర్నూలులో ఫైనాన్స్ బ్రాంచిలో లోన్ల నుంచి రికవరీకి మారమన్నారని ఇంకొకరు. చివరికి అందరూ అడిగేది ఒకటే: ‘జీతం పెరగనప్పుడు ఎందుకు పోవాల?’

జీతం సంగతి ఒక పూట కూర్చుంటే కాగితం మీద తేలిపోతుంది. చాలామంది చూసుకోకుండా సంతకం పెట్టేసేది కొత్త కుర్చీలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేయాల్సిన పని గురించి. అందుకే ఆ పనిని కళ్ళారా చూసి రావడానికి ఇక్కడ ఎక్కువ చోటిచ్చాను.

ఇది ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్ళ కోసం. ప్రభుత్వ బదిలీల రూల్సు వేరు, వాటిని ఇందులో కలపలేదు.

మొదలుపెట్టే ముందు ఇవి చేతికి తెచ్చుకోండి:

- మీ అపాయింట్‌మెంట్ లెటర్
- గత ఆరు నెలల పే స్లిప్పులు
- పీఎఫ్ పాస్‌బుక్
- కంపెనీ ట్రాన్స్‌ఫర్ పాలసీ (హెచ్‌ఆర్‌ని అడిగితే ఇస్తారు)
- ఒక నోటుబుక్కు

1. ముందు టైం అడగండి

మేనేజరు కారిడార్‌లో ఆపి ‘ఏమప్పా, ప్లానింగ్‌కి పోతావా?’ అంటే అక్కడే ‘సరే సార్’ అనేయకండి. ‘నాకొద్దు సార్’ అని కూడా అనకండి. మొదటి మాటే చివరి మాటగా రికార్డయిపోతుంది.

ఇలా అంటే చాలు: ‘సార్, నన్ను అనుకున్నందుకు సంతోషం. ఆ పని ఏందో తెలుసుకొని, ఇంట్లో కూడా మాట్లాడి సోమవారం చెప్తాను.’ నాలుగైదు రోజులు అడగడం ఎక్కడా తప్పు కాదు. ఆ మాత్రం టైం కూడా ‘ఇవ్వం’ అన్నారంటే అదొక సమాచారం. నోటుబుక్కులో రాసుకోండి.

అదే రోజు ఇంకో ప్రశ్న వేయండి: ‘ఇది అడగడమా, ఆర్డరా?’ మర్యాదగానే అడగొచ్చు. తర్వాత అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూడండి. చాలా లెటర్లలో ‘కంపెనీ అవసరాన్ని బట్టి ఏ విభాగానికైనా, ఏ ఊరికైనా మార్చవచ్చు’ అన్న మాట ఉంటుంది. అది ఉంటే సూటిగా కాదనడం కష్టం. అయినా తేదీ, అలవెన్సులు, షిఫ్టు, పాత పని అప్పగింత మీద మాట్లాడే చోటు ఉంటుంది. కాబట్టి మిగతా దశలు మీకూ పనికొస్తాయి.

నిర్ణయం అయ్యేదాకా క్యాంటీన్‌లో ఎవరికీ చెప్పకండి. ఈ పూట చెప్పిన మాట రేపు టీ టైంకల్లా పాత బాస్ చెవిన పడుతుంది. మీరు వెళ్ళిపోవడానికి రెడీగా ఉన్నారని ఆయన అనుకుంటే, ‘వద్దు’ అనే దారి మీకు సగం మూసుకుపోతుంది.

2. ఎందుకు అడుగుతున్నారో కనుక్కోండి

జీతం పెంచకుండా మనిషిని కదిలించడానికి కంపెనీకి ఏదో కారణం ఉంటుంది. అది తెలియకుండా మిగతా లెక్కలు వేసినా ఉపయోగం తక్కువ. ఎక్కువగా కనిపించే కారణాలు ఇవి.

కొత్త లైనో, కొత్త ప్లాంటో వస్తోంది. ఇది మంచి కారణం. గుర్తుపట్టడం సులువు: మిషన్ల ఆర్డర్లు వెళ్ళుంటాయి, బయటి నుంచి కూడా ఆ విభాగానికి ఉద్యోగాల ప్రకటన ఉంటుంది, మీతోపాటు ఇంకొందరిని అడిగుంటారు.

ఎవరో వెళ్ళిపోయారు. అప్పుడు తెలుసుకోవాల్సింది ఆ మనిషి ఎందుకు వెళ్ళాడన్నది. ప్రమోషన్ మీద పైకి వెళ్తే ఆ కుర్చీకి విలువ ఉన్నట్టు. మూడేళ్ళలో ముగ్గురు మారి, ముగ్గురూ కంపెనీనే వదిలేసి ఉంటే, అక్కడ పని భారమో, పైవాడి తీరో తేడాగా ఉందని అర్థం.

మీ ఇప్పటి సెక్షన్ చిన్నదవుతోంది. పని కాంట్రాక్టుకి ఇస్తున్నారు, లేదా కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి నలుగురి పని ఇద్దరితో అవుతోంది. పైకి మాత్రం ‘నీకు ఎక్స్‌పోజర్ వస్తుంది’ అంటారు. రిటైరైన వాళ్ళ స్థానాలు ఏడాదిగా ఖాళీగా ఉన్నాయా, మీ సెక్షన్ బడ్జెట్ కోశారా చూడండి. అదే నిజమైతే ‘ఉన్నచోటే ఉంటే సేఫ్’ అనే ఆలోచన పనిచేయదు. ఆ సేఫ్ కుర్చీయే కొన్నాళ్ళలో పోవచ్చు. ఈ సందర్భంలో కాస్త ఇష్టం లేకపోయినా వెళ్ళడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

మీ బాస్ మిమ్మల్ని వదిలించుకోవాలనుకుంటున్నారు. వినడానికి కష్టంగా ఉంటుంది కానీ జరుగుతుంది. గత రెండు అప్రైజల్స్‌లో రేటింగ్ తగ్గిందా? మీటింగులకు పిలవడం మానేశారా? మీ పని నెమ్మదిగా వేరేవాళ్ళకి వెళ్తోందా? అలాగైతే కూడా మార్పు చెడ్డదేమీ కాదు. మిమ్మల్ని వద్దనుకునే మనిషి కింద ఇంకో మూడేళ్ళు ఉండి బావుకునేది ఏముంది? అయితే కొత్తచోట మీ గురించి ఏం చెప్పారో తెలుసుకొనే అడుగు వేయండి.

పెద్ద పోస్టు కోసం తయారు చేస్తున్నారు. డిపార్ట్‌మెంట్ హెడ్ కావాలంటే రెండు మూడు విభాగాలు తిరిగి ఉండాలనే పద్ధతి చాలా కంపెనీల్లో ఉంది. ‘ఇంతకుముందు ఇలా వెళ్ళినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు?’ అని అడగండి. ఒక్క పేరైనా చెప్పలేకపోతే ఆ మాటను లెక్కలోకి తీసుకోకండి.

కారణం తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు:

- ఈ పోస్టు ఎప్పటి నుంచి ఖాళీగా ఉంది? ముందు ఎవరున్నారు?
- నన్నే ఎందుకు అనుకున్నారు?
- నేను వెళ్తే నా స్థానంలోకి ఎవరు వస్తారు?

మూడోదానికి వచ్చే జవాబు మిగతా రెండింటికన్నా ఎక్కువ చెప్తుంది. ‘ఎవరూ రారు, ఉన్నవాళ్ళే చూసుకుంటారు’ అంటే మీ ఇప్పటి పోస్టు లేకుండా పోతోందని అర్థం. తిరిగి రావడానికి చోటు ఉండదు.

3. ఇప్పటి ఉద్యోగం గురించి ఒక పేజీ రాయండి

ఇది అరగంట పని. పేజీకి ఒక పక్క ఈ ఉద్యోగంలో మీరు వదులుకోలేనివి, రెండో పక్క ఎప్పుడెప్పుడు వదిలేద్దామా అనిపించేవి రాయండి. ‘వర్క్ బాగుంది’ లాంటి మాటలు పనికిరావు. ‘సాయంత్రం 6 కల్లా ఇంట్లో ఉంటాను’, ‘నైట్ షిఫ్టు తర్వాత రెండు రోజులు తల పట్టేస్తుంది’, ‘గత ఏడాదిగా కొత్తగా ఏదీ నేర్చుకోలేదు’ అని రాయాలి. తొమ్మిదో దశలో ఈ పేజీ మళ్ళీ తీస్తాం.

4. ఆ కుర్చీని చూసి రండి

అన్నింటికన్నా ముఖ్యమైన దశ ఇదే. ఎక్కువమంది వదిలేసేది కూడా ఇదే. అదే కాంపౌండులో ఐదేళ్ళుగా ఉన్నాం కదా, ఆ సెక్షన్ మనకు తెలియదా అనుకుంటారు. బయటి నుంచి చూడటం వేరు, ఆ టేబుల్ పక్కన ఒక పూట కూర్చోవడం వేరు.

ఎలా అడగాలి: ‘సార్, ఒప్పుకునే ముందు ఆ సెక్షన్‌లో ఒక పూట కూర్చొని చూస్తాను’ అనండి. సెలవు పెట్టైనా వెళ్ళండి. మీరు సీరియస్‌గా ఆలోచిస్తున్నారని వాళ్ళకీ తెలుస్తుంది.

ఏ రోజు వెళ్ళాలి: అన్నిటికన్నా కష్టమైన రోజు. డిస్పాచ్ అయితే నెలాఖరు. రికవరీ అయితే ఈఎంఐ తేదీ దాటిన వారం. క్వాలిటీ అయితే కస్టమర్ ఆడిట్ ముందు రోజు. మెయింటెనెన్స్ అయితే షట్‌డౌన్ రోజు. తీరికగా ఉన్న మంగళవారం వెళ్ళి ‘అబ్బా, ఎంత ప్రశాంతంగా ఉందో’ అనుకొని వస్తే మోసపోయినట్టే.

సిమెంటు ఫ్యాక్టరీ డిస్పాచ్ సెక్షన్ తీసుకోండి. నెలాఖరు మధ్యాహ్నం, మే నెల. కిటికీ అవతల లారీ డ్రైవర్లు స్లిప్పులు పట్టుకొని వరసగా నిలబడి ఉంటారు. లారీ తూకం వేసే వేబ్రిడ్జి ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటుంది. అదే టైంలో నంద్యాల డీలరు ఫోన్ చేసి ‘పొద్దున అన్న లోడు యాడుంది?’ అని అరుస్తుంటాడు. టేబుల్ మీద సన్నటి బూడిదరంగు దుమ్ము. కీబోర్డుకి వేసిన ప్లాస్టిక్ కవరు మీద అక్షరాలు కనపడవు. కుర్చీలో ఉన్న మనిషి టిఫిన్ క్యారియర్ మూత మూడు దాటినా తీయలేదు. ఇదంతా చూశాక కూడా ‘ఈ హడావిడి నాకు బాగుంది, నేను నడపగలను’ అనిపించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి అది సరైన చోటు. అనిపించకపోతే ఆ సంగతి చేరాక కన్నా ఇప్పుడు తెలియడమే మేలు.

ప్లానింగ్ టేబుల్ ఇంకోలా ఉంటుంది. పొద్దున 8:30కి నిశ్శబ్దంగా ఎక్సెల్ షీటు. 11 గంటల మీటింగులో మాత్రం ప్రొడక్షన్, స్టోర్స్, సేల్స్ ముగ్గురూ ప్లానింగ్ వైపే వేలు చూపిస్తారు. శరీరానికి అలుపు లేదు కానీ మాట పడాలి. షిఫ్టులో మిషన్‌తో ఏళ్ళు గడిపిన మనిషికి ఇది మొదట్లో చాలా ఇబ్బందిగా ఉంటుంది.

చూసేటప్పుడు నోటుబుక్కులో గంట గంటకీ రాయండి:

- ఈ గంటలో ఆ మనిషి నిజంగా ఏం చేశాడు: ఫోనా, కాగితమా, మనుషులతో వాదనా, మిషన్ పక్కన నిలబడటమా?
- ఆ పనిలో నాకు ఇప్పుడు చేతకానిది ఎంత?
- పెండింగ్ ఫైళ్ళు, బోర్డు మీద మిగిలిన పనులు ఎన్నాళ్ళవి?
- లంచ్ ఎన్నింటికి? షిఫ్టు అయ్యాక ఎంతసేపు ఉన్నాడు?

తర్వాత ముగ్గురితో మాట్లాడండి. ఆ కుర్చీ వదిలి వెళ్తున్న మనిషి, పక్క టేబుల్ మనిషి, ఆ సెక్షన్ పని అందుకునే వేరే డిపార్ట్‌మెంట్ మనిషి. మూడోవాళ్ళని అడగాలని చాలామందికి తోచదు. కానీ ఆ సెక్షన్‌కి కంపెనీలో ఎంత గౌరవం ఉందో చెప్పేది వాళ్ళే.

మన ఊరివాడు అక్కడ ఉంటే తప్పకుండా అడగండి. ‘ఏం అన్నా, ఆ సెక్షన్ ఎట్లుంటాది?’ అంటే ఓపెన్‌గా చెప్తాడు. కానీ తనకి తోడు కావాలని రమ్మంటున్నాడో, తన కోపం కొద్దీ వద్దంటున్నాడో గమనించండి. ‘బాగుంటాది’, ‘బాగుండదు’ అన్న మాటలు పక్కనపెట్టి, ‘పోయిన వారం రోజూ ఎన్నింటికి ఇంటికి పోయినావు?’ లాంటి ప్రశ్నలు వేయండి. అలాంటి వాటికి జవాబు సూటిగా వస్తుంది.

ఇంటికొచ్చాక ఒక పరీక్ష. రెండేళ్ళ తర్వాత వేరే కంపెనీ ఇంటర్వ్యూలో ‘అక్కడ ఏం చేశారు?’ అని అడిగారనుకొని మూడు వాక్యాలు రాయండి. ‘ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్‌లో ప్లానింగ్ మాడ్యూల్ నడిపాను, ముడిసరుకు స్టాక్ తగ్గించాను, సేల్స్‌తో నెలవారీ ప్లాన్ కుదిర్చాను’ అని రాయగలిగితే ఆ కుర్చీకి బయట విలువ ఉంది. ‘ఫైళ్ళు చూశాను, రిపోర్టులు పంపాను’ దాటి కలం కదలకపోతే, ఎవరెంత నచ్చజెప్పినా జాగ్రత్తపడండి.

5. డబ్బు లెక్క: జీతం అదే అయినా చేతికొచ్చేది అదే కాదు

సీటీసీ (ఏడాదికి మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) మారదని హెచ్‌ఆర్ చెప్పేది నిజమే. నెలాఖరుకి మిగిలేది మాత్రం మారుతుంది. షిఫ్టు నుంచి జనరల్‌కి వెళ్ళేవాళ్ళకి ఇది బాగా తగులుతుంది. ఒక ఉదాహరణ వేసి చూద్దాం:

- పోయే నైట్ షిఫ్టు అలవెన్సు: 3,200
- పోయే ఓవర్‌టైం (ఆరు నెలల సగటు): 2,500
- కంపెనీ బస్సు లేక అయ్యే పెట్రోలు: 2,800
- సబ్సిడీ క్యాంటీన్ లేక అయ్యే భోజనం ఖర్చు: 1,500
- నెలకి మొత్తం తేడా: 10,000

కాగితం మీద ఒక్క రూపాయి తగ్గలేదు. ఇంట్లో మాత్రం 10,000 తగ్గింది. మీ పే స్లిప్పులు పెట్టుకొని ఇలాగే వేసుకోండి. ఓవర్‌టైం సగటును ఒక నెల చూసి తేల్చకండి, ఆరు నెలలు చూడండి.

ఇంకో వైపు కూడా చూడాలి. నైట్ షిఫ్టు పోతే ఆరోగ్యం కుదుటపడుతుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో పిల్లల్ని చూసుకోవడానికి పెట్టే ఖర్చు తగ్గవచ్చు. వాటినీ రాయండి.

హెచ్‌ఆర్‌ని అడిగి రాయించుకోవాల్సినవి:

- ఇంక్రిమెంట్ తేదీ మారుతుందా?
- వేరియబుల్ పే (పనితీరును బట్టి మారే జీతం) ఏ టార్గెట్ మీద? ఈ ఏడాది సగం పాతది, సగం కొత్తదా?
- సీనియారిటీ పాత తేదీ నుంచేనా?
- కొత్తగా ప్రొబేషన్ ఉంటుందా? ఉంటే అభ్యంతరం చెప్పండి.
- ఊరు మారితే షిఫ్టింగ్ ఖర్చు ఎంత, ఎప్పుడిస్తారు?

చివరిదాంట్లో ఒక మెలిక ఉంది. ఆర్డరులో ‘మీ అభ్యర్థన మేరకు’ అని రాస్తే, షిఫ్టింగ్ ఖర్చు ఇవ్వని కంపెనీలు చాలా ఉన్నాయి. అడిగింది కంపెనీ అయితే ఆ మాట కొట్టేయించి ‘కంపెనీ అవసరం మేరకు’ అని రాయించండి. పాలసీలో షిఫ్టింగ్ ఖర్చు కిలోమీటర్లను బట్టా, జిల్లాను బట్టా అన్నదీ చూడండి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది, నంద్యాల సొంతంగా జిల్లా అయింది. పాత పాలసీ కాగితం ప్రకారం ‘అదే జిల్లాలో మార్పు, అలవెన్సు లేదు’ అంటే ఈ సంగతి గుర్తుచేయండి.

ఇంటద్దె అలవెన్సు పెరుగుతుందని చూపిస్తే, మీరు ఏ పన్ను పద్ధతిలో ఉన్నారో చూసుకోండి. కొత్త పద్ధతిలో దానికి మినహాయింపు లేదు. ఆ డబ్బంతా పన్ను లెక్కలోకి వస్తుంది.

6. గ్రూపులో వేరే కంపెనీ అయితే ఇంకాస్త జాగ్రత్త

గేటు మీద పేరు ఒకటే ఉన్నా, మిమ్మల్ని పంపే కంపెనీ చట్టం దృష్టిలో వేరేది కావచ్చు. పే స్లిప్పు మీద కంపెనీ పూర్తి పేరు రెండుచోట్లా ఒకటేనా చూడండి. వేరైతే మీరు రాజీనామా చేసి మళ్ళీ చేరినట్టు కాగితాలు తయారుచేసే అవకాశం ఉంటుంది.

గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు) దగ్గర నష్టం ఎలా ఉంటుందో చూడండి. పర్మనెంట్ ఉద్యోగికి ఐదేళ్ళు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. చివరి నెల జీతంలో గ్రాట్యుటీ లెక్కలోకి వచ్చే భాగాన్ని (ముఖ్యంగా బేసిక్, డీఏ) 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్ళతో గుణించాలి. ఆ భాగం 20,000 ఉంటే ఏడాదికి సుమారు 11,538. ఐదేళ్ళకి సుమారు 57,690. నాలుగేళ్ళ మూడు నెలల సర్వీసుతో ఉన్న మనిషి ‘కొత్త నియామకం’ అనే కాగితం మీద సంతకం పెడితే లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. ‘పాత సర్వీసు అన్ని ప్రయోజనాలకూ కొనసాగుతుంది’ అన్న ఒక్క వాక్యం ఆర్డరులో ఉంటే ఈ గొడవ ఉండదు.

పీఎఫ్‌కి యూఏఎన్ నంబరు (కంపెనీ మారినా ఉద్యోగికి ఒకటే ఉండే పీఎఫ్ నంబరు) అదే ఉండాలి. కొత్త నంబరు తీయనివ్వకండి. పాత ఖాతాలో డబ్బు తీసేసుకోవడం కూడా వద్దు, ట్రాన్స్‌ఫర్ చేయించండి. పీఎఫ్ పింఛనుకి పదేళ్ళ సర్వీసు కావాలి. మధ్యలో డ్రా చేస్తే ఆ లెక్క తెగిపోతుంది.

ఈఎస్‌ఐలో (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉన్నవాళ్ళు ఇంకోటి చూడాలి. కొత్తచోట ఈ బీమా లెక్కలోకి వచ్చే నెల జీతం 21,000 దాటితే, చందా కోత ఆ కాంట్రిబ్యూషన్ కాలం (ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి) ముగిసేదాకా కొనసాగి, తర్వాత ఆగుతుంది. ఇంట్లో ప్రసవమో, ఆపరేషనో ఉంటే దానికి తగ్గట్టు తేదీ అడగండి.

7. ఇల్లు, బడి, దారి

దూరం కిలోమీటర్లలో చూస్తే సరిపోదు, గడియారంలో చూడాలి. అనంతపురం నుంచి పెనుకొండ సుమారు 70 కిలోమీటర్లు, హైవే మీద సాఫీగానే వెళ్ళొచ్చు. కానీ పొద్దున 6 గంటల షిఫ్టు అంటే తెల్లవారుజామున నాలుగుకే లేవాలి. ఒక వారం ఆ టైంకి అలారం పెట్టుకొని లేచి చూడండి. అంతకు మించిన పరీక్ష అక్కర్లేదు.

పిల్లలు హైస్కూల్లో ఉండి, మార్పు బెంగళూరుకో, హైదరాబాదుకో, విశాఖకో అయితే ఆగి ఆలోచించండి. మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ కన్వీనర్ సీట్లలో 85 శాతం లోకల్ అభ్యర్థులకి. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్ళు వరుసగా ఈ ప్రాంతంలోనే చదివితే లోకల్ గుర్తింపు ఇబ్బంది లేకుండా వస్తుంది. మధ్యలో రాష్ట్రంలోనే వేరే ప్రాంతానికి మార్చితే ఏడేళ్ళ చదువులో ఎక్కువ కాలం ఎక్కడ అన్నది చూస్తారు. పిల్లవాడు పదిలో ఉంటే మీరొక్కరే వెళ్ళి, వారాంతం వచ్చిపోయే ఏర్పాటు మేలు. అప్పుడు రెండిళ్ళ ఖర్చును ఐదో దశ లెక్కలో కలపండి.

ఇంట్లో పెద్దవాళ్ళకి డయాలసిస్, గుండె మందుల వాడకం ఉంటే అక్కడ దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉందో ముందే చూసుకోండి. ఆషాఢంలో ఇల్లు మారొద్దని పెద్దలు పట్టుబడితే దానికోసం మంచి అవకాశాన్ని వదులుకోనక్కర్లేదు. మీరు ముందు చేరండి, సామాను శ్రావణంలో తెచ్చుకోవచ్చు.

8. కొత్త బాస్‌తో అరగంట

ఈ మాట హెచ్‌ఆర్ ద్వారా కాకుండా నేరుగా జరగాలి. అడగాల్సినవి:

- మొదటి మూడు నెలల్లో నా నుంచి ఏం ఆశిస్తున్నారు?
- నాకు రానిది నేర్పేది ఎవరు? ట్రైనింగ్ ఉందా?
- మీరు ఇక్కడ ఎన్నాళ్ళు ఉంటారు?
- ఏ పరిస్థితిలో నేను వెనక్కి వెళ్ళవచ్చు?

మూడో ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు. కానీ మంచి బాస్‌ని చూసి వెళ్ళాక రెండో నెలలోనే ఆయన బదిలీ అయిపోతే మీకిచ్చిన మాటలన్నీ ఆయనతోనే పోతాయి. ఈ ప్రశ్నలకి చిరాకు పడే మనిషి రోజువారీ పనిలో ఎలా ఉంటాడో ఊహించుకోవచ్చు.

9. ఇక తేల్చండి

మార్కులు వేసి కూడే పద్ధతి నాకు నచ్చదు. ఏదో ఒకటి ఎక్కువ కావాలని మనమే మార్కులు జరుపుతాం. దానికి బదులు మూడో దశలో రాసిన పేజీ తీసి, ఈ మూడింటికి జవాబు రాయండి:

- పిలిచిన కారణం నాకు తెలుసా, అది నిలబడేదేనా?
- ఆ రోజంతా పని నేను రెండేళ్ళు చేయగలనా? రెండేళ్ళకి నా చేతిలో కొత్త పని ఉంటుందా?
- నెలకి తగ్గే డబ్బు, పెరిగే ప్రయాణం ఇల్లు తట్టుకుంటుందా?

మూడూ అవును అయితే వెళ్ళండి, జీతం పెరగకపోయినా. రెండోది కాదు అయితే మిగతావి ఎంత బాగున్నా వద్దు. మూడోది మాత్రమే కాదు అయితే అది బేరమాడే విషయం: ట్రావెల్ అలవెన్సు, ఆరు నెలల పాటు పోయిన షిఫ్టు డబ్బుకి పరిహారం, చేరే తేదీ అడగండి. మొదటిది తెలియకపోతే తెలిసేదాకా అవునని చెప్పకండి.

నిర్ణయం అయ్యాక ఒక రాత్రి ఆగి, పొద్దున చెప్పండి.

10. చెప్పడం ఎలా

అవును అయితే నోటితో చెప్పి, అదే రోజు మెయిల్ పెట్టండి: ‘మన మాటల ప్రకారం నేను ప్లానింగ్ విభాగానికి వెళ్ళడానికి ఒప్పుకుంటున్నాను. గ్రేడు, ఇంక్రిమెంట్ తేదీ, సీనియారిటీ మారవని, నెలకి ఇంత ట్రావెల్ అలవెన్సు ఇస్తారని, పాత పని ఫలానా తేదీకి అప్పగిస్తానని నా అవగాహన. ఆర్డరులో ఇవి వస్తాయని ఆశిస్తున్నాను.’ సూటిగా, ఇంతే.

వద్దు అయితే ఎదురుగా కూర్చొని చెప్పండి. వాట్సాప్‌లో మాత్రం వద్దు. ఒకే కారణం చెప్పండి, అది నిజమైనదై ఉండాలి. నాలుగు కారణాలు చెప్తే నాలుగింటికీ పరిష్కారం చూపించి ఇరికిస్తారు. ‘పిల్లవాడు పదిలో ఉన్నాడు సార్, వచ్చే జూన్ తర్వాత అడిగితే తప్పకుండా చూస్తాను’ అంటే తలుపు తెరిచే ఉంటుంది. అది నిజమైతేనే అనండి. మళ్ళీ అడిగినప్పుడు వెనక్కి తగ్గితే మూడోసారి అడగరు.

11. సంతకానికి ముందు

ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటికి సవరణ:

‘ముందు చేరు, అలవెన్సు తర్వాత చూద్దాం’ అంటే నమ్మి చేరడం. సవరణ: చేరే తేదీని ఆర్డరు కాపీ అందే తేదీకి ముడిపెట్టండి.

ఏడాది మధ్యలో మారి అప్రైజల్ పోగొట్టుకోవడం. కొత్త బాస్ ‘నాకు తెలిసింది నాలుగు నెలలే’ అంటారు, పాత బాస్ ‘ఇప్పుడు నా మనిషి కాదు’ అంటారు. సవరణ: వెళ్ళే ముందే పాత బాస్ దగ్గర అప్పటిదాకా రేటింగ్ మెయిల్ మీద తీసుకోండి.

రెండు కుర్చీల పనీ మీద పడటం. కొత్త పని చేస్తూ సాయంత్రం పాత సెక్షన్ ఫోన్లు. సవరణ: ఆర్డరులో రిలీవింగ్ తేదీ, అప్పగింత ఎవరికి అన్నది రాయించండి. పాత పని వివరాలు పేజీల్లో రాసి, తీసుకున్నవాళ్ళ సంతకం తీసుకోండి. ఆ తర్వాత వారం దాకా ఫోన్లు ఎత్తండి, తర్వాత ‘నోట్‌లో ఉంది అన్నా, చూడు’ అనండి.

ఆర్డరులో ఉండాల్సినవి ఒకసారి టిక్ పెట్టుకోండి:

- కొత్త విభాగం, పోస్టు పేరు, ఎవరికి రిపోర్టు చేయాలి
- పనిచేసే ఊరు, షిఫ్టు
- గ్రేడు, జీతం మారవన్న మాట
- సర్వీసు కొనసాగింపు
- ఒప్పుకున్న అలవెన్సులు అంకెల్లో
- రిలీవింగ్, చేరే తేదీలు

12. చేరాక మూడు నెలలు

మొదటి నెల కొత్త ఐడియాలు చెప్పకండి. ‘మా పాత సెక్షన్‌లో ఇలా చేసేవాళ్ళం’ అన్న మాట అసలు వద్దు. అక్కడ ఏళ్ళుగా ఉన్నవాళ్ళకి అది గుచ్చుకుంటుంది. వాళ్ళల్లో మీకన్నా చిన్న గ్రేడువాళ్ళు ఉన్నా, పని నేర్పేది వాళ్ళే. అన్నా అని పిలిచి, పక్కన కూర్చొని నేర్చుకోండి.

రెండో నెలలో సొంతంగా పూర్తిచేసే ఒక పని ఎంచుకోండి. చిన్నదైనా ఫర్వాలేదు. పాత పెండింగ్ ఫైళ్ళు క్లియర్ చేసినా లెక్కలోకి వస్తుంది.

మూడో నెలాఖరుకి బాస్ దగ్గర అరగంట తీసుకొని, ఎనిమిదో దశలో ఆయన ఆశించింది చదివి ఎంత అయిందో అడగండి. అదే రోజు ఆర్డరు కాపీ తీసి, రాసిన అలవెన్సులన్నీ పే స్లిప్పులో పడుతున్నాయో లేదో చూడండి. ఏదైనా పడకపోతే, పదో దశలో పంపిన మెయిల్‌కే రిప్లయ్‌గా ఆ వారంలోనే హెచ్‌ఆర్‌కి రాయండి.